ఒక్కటే పట్టుకో అంటున్నారు, నాకేమో అన్నీ కావాలి. మన గోదావరి వైపు వాళ్ళెవరైనా చెప్పండి

కాలవగట్టు_పిల్ల:

అందరికీ నమస్కారమండి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు, 27 ఏళ్ళు, హైదరాబాద్ కంపెనీకి ఇంటి దగ్గర్నుంచే టెస్టింగ్ పని చేస్తున్నాను. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

నీకిష్టమైన పని ఏంటి అని ఎవరైనా అడిగితే ఒక్కటి చెప్పలేను. అమ్మమ్మ దగ్గర లేసు అల్లిక నేర్చుకున్నా, ఇప్పటికీ రాత్రి భోజనాలయ్యాక చేతిలో సూదీ దారం లేకపోతే తోచదు. వాటర్ కలర్స్ వేస్తా, కాలవలు, లాకులు, పంటు మీద గోదారి దాటే జనం, ఎక్కువగా అవే. కథలు రాస్తా, కొన్ని వెబ్ పత్రికల్లో వచ్చాయి. చిన్నప్పుడు సంగీతం గీతాల దాకా వచ్చింది, ఇంటర్‌కి హాస్టల్లో వేశాక ఆగిపోయింది, మళ్ళీ మొదలెట్టాలని మనసు పీకుతోంది. ఇవి కాక కిందటేడాది నుంచి వీడియో ఎడిటింగ్ పట్టుకున్నా, అది ముందేసుకుని కూర్చుంటే ఎప్పుడు తెల్లారిందో కూడా తెలీదు. ఏది వదిలెయ్యమన్నా చెయ్యి తీసేసినట్టుంటుంది నాకు.

ఇంట్లో ఒకటే గొడవ. రెండు పడవల మీద కాళ్ళు పెడితేనే మునుగుతారు, నువ్వు అయిదు పడవలు కట్టుకున్నావు అంటాడు మావయ్య. మా పిన్నయితే అన్నీ తెలిసినమ్మ అమావాస్య నాడు చస్తే ఏమీ తెలియనమ్మ ఏకాదశి నాడు చచ్చిందట అని మొహం మీదే అనేసింది. నాన్న ఏమీ అనరు, కానీ పెళ్ళి సంబంధం వాళ్ళు అమ్మాయి ఏం చేస్తుందండీ అంటే సాఫ్ట్‌వేర్ అని చెప్పి అక్కడితో ఆపేస్తారు, మిగతాదంతా దాచిపెట్టాల్సిన సంగతన్నట్టు. ఆఫీసులో కూడా ఆటోమేషన్ సర్టిఫికేషన్ చెయ్యకపోతే ఇక్కడే ఉండిపోతావు అంటున్నారు, అది చెయ్యాలంటే సాయంత్రాలన్నీ దానికే పోతాయి.

ఈ మధ్య ఎమిలీ వాప్నిక్ అనే ఆవిడ 2015 నాటి టెడ్ టాక్ విన్నాను. అందరికీ జీవితంలో ఒకటే పని రాసిపెట్టి ఉండదు, చాలా వాటి మీద ఇష్టం ఉండేవాళ్ళు వేరే రకం మనుషులు, అది జబ్బు కాదు అని చెప్తుంది, అలాంటివాళ్ళని మల్టీపొటెన్షియలైట్స్ అంటుంది. విన్నాక గుండె మీద బరువు దిగినట్టయింది. కానీ ఆ మాట పాలకొల్లులో ఎలా బతికించుకోవాలో తెలీట్లేదు. నిజంగా నాలుగు వదిలేసి ఒకటి ఉంచుకోవాలా? మన దగ్గర ఇలా బతికినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? డబ్బు సంగతీ టైమ్ సంగతీ ఎలా చూసుకుంటున్నారు? దేంట్లోనూ లోతుకి వెళ్ళకుండా మిగిలిపోతానేమో అన్న భయం మాత్రం నిజంగా ఉంది, దాన్ని గురించి కూడా చెప్పండి.

భీమారం_డ్రాయింగ్_మాస్టారు:

అమ్మాయ్, నేను హైస్కూళ్ళలో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యాను. మన దగ్గర ఇలా బతికినవాళ్ళు ఉన్నారా అని అడిగావు కాబట్టి ముందు దానికి చెప్తాను, ఎందుకంటే ఈ ప్రశ్నకి బయటి దేశాల నుంచి సాక్ష్యం తెచ్చుకోవాల్సిన పనే లేదు మనకి.

మా భీమవరంలో 1895లో పుట్టిన అడివి బాపిరాజు గారిని తీసుకో. లా చదివి ఇక్కడే కొన్నాళ్ళు ప్లీడరీ చేశారు. బొమ్మలు వేశారు, పాటలు రాశారు, నవలలు రాశారు, 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీలో ఆయన నవలా విశ్వనాథ సత్యనారాయణ గారి నవలా కలిసి బహుమతి పంచుకున్నాయి. బందరు జాతీయ కళాశాలకి ప్రిన్సిపాలు, 1930ల్లో తెలుగు సినిమాలకి కళాదర్శకుడు, తర్వాత హైదరాబాదులో మీజాన్ పత్రికకి సంపాదకుడు. 1952లో పోయారు, అంటే అరవై ఏళ్ళు కూడా నిండలేదు. ఇదంతా వరసపెట్టి చెప్తే అబ్బో అనిపిస్తుంది గానీ జాగ్రత్తగా చూడు, ఆయన ఇవన్నీ ఒక్క రోజున ఒక్క బల్ల మీద పెట్టుకోలేదు. ఉద్యోగాలు మారుతూ పోయాయి, ప్లీడరీ పోయింది, కాలేజీ వచ్చింది, సినిమా వచ్చింది, పత్రిక వచ్చింది. బొమ్మా రాతా మాత్రం రాజమండ్రిలో చదువుకున్న రోజుల నుంచీ చివరిదాకా ఆయనతోనే ఉన్నాయి. అంటే ఎప్పుడూ వదలనివి రెండు, వచ్చి పోయేవి చాలా. నీ అయిదింట్లో ఏవి ఎవరూ చెప్పకపోయినా చిన్నప్పట్నించీ నీ వెంట ఉన్నాయి, ఏవి ఈ మధ్య వచ్చాయి, అది ముందు చూసుకో. నాకైతే నీ పోస్టు చదివితే అల్లికా బొమ్మా కనపడుతున్నాయి మొదట్నించీ ఉన్నట్టు, తప్పయితే చెప్పు.

అలాగే నరసాపురంలో 1933లో పుట్టిన బాపు గారు. లా డిగ్రీ తీసుకున్నారు, కార్టూన్లు వేశారు, పుస్తకాలకి ముఖచిత్రాలు, కథలకి బొమ్మలు, 1967 నుంచి సినిమాలు తీశారు, ఆఖరికి ఆయన చేతిరాత కూడా కంప్యూటర్లో ఫాంటైంది. చూడ్డానికి అన్నీ వేరువేరు పనులు, వాటన్నిటి అడుగునా ఉన్నది ఒక్క గీత. సినిమా తీసినా ఫ్రేమ్ గీసుకునే తీసేవారు.

ఇంకో సంగతి చెప్పి ఆపుతాను. బాపిరాజు గారు చదువుకునేటప్పుడు రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన ప్రిన్సిపాలు. ఆయన పాఠం చెప్పేవాడు, బొమ్మలు వేసేవాడు, రాసేవాడు కూడా. దామెర్ల రామారావుని బొంబాయి ఆర్ట్ స్కూలుకి వెళ్ళమని వెన్నుతట్టిందీ ఆయనే. కుర్రాళ్ళు చదువు మానేసి బొమ్మలేసుకుంటున్నారని తిట్టకుండా పక్కన నిలబడ్డ పెద్దమనిషి ఒకడు ఉండబట్టి అంతమంది వచ్చారు ఆ ఊళ్ళోంచి. నీకు మీ ఇంట్లో అలాంటి మనిషి లేరు, అసలు కష్టం అక్కడుందని నాకనిపిస్తోంది. అల్లిక నేర్పిన అమ్మమ్మగారు ఉన్నారా? ఉంటే ఆవిడ చేత మీ నాన్నగారితో మాట్లాడించు.

వీణ_రాజమండ్రి:

మాస్టారికి నమస్కారం. మీరు చెప్పినవన్నీ నిజమే, కానీ ఆ అమ్మాయి భయం గురించి అడిగిందానికి ఎవరూ సూటిగా చెప్పకపోతే అన్యాయం అవుతుంది, అందుకని రాస్తున్నాను. కాస్త కటువుగా ఉంటే ఏమనుకోకమ్మా.

పేరొచ్చినవాళ్ళని చూసి దారి ఎంచుకోకూడదండీ. పది పనులు మొదలెట్టి ఏదీ ముడిపడక కుమిలిపోయినవాళ్ళ గురించి ఎవరూ రాయరు, వాళ్ళు మన వీధిలోనే ఉంటారు. నేను చాలా ఏళ్ళుగా వీణా గాత్రం చెప్తున్నాను. సరళీ వరసలు, జంట వరసలు, అలంకారాలు, గీతాలు, స్వరజతులు, అప్పుడు వర్ణాలు, ఆ తర్వాతే కృతులు. ఈ వరస ఎవరో పిల్లల్ని ఏడిపించడానికి పెట్టింది కాదు, ఒక్కో మెట్టు చేతికీ గొంతుకీ ఒక అలవాటు చేస్తుంది, వర్ణం రెండు కాలాల్లో, అంటే రెండు వేగాల్లో, పాడగలిగిన రోజున రాగం అంటే ఏంటో లోపల్నించి తెలుస్తుంది. దానికి ముందు దాకా తెలిసేది పాట మాత్రమే. చాలామంది పిల్లలు గీతాల దగ్గర ఆగిపోతారు, ఎందుకంటే అక్కడిదాకా కొత్తదనం ఉంటుంది, ఆ తర్వాత అదే పని మళ్ళీ మళ్ళీ చెయ్యాలి. నువ్వూ గీతాల దాకా వచ్చానన్నావు. హాస్టల్ వల్ల ఆగిందన్నావు, ఒప్పుకుంటాను. మరి మిగతా నాలుగూ ఎక్కడిదాకా వచ్చాయి? వాటిల్లో వర్ణం దాటింది ఏదైనా ఉందా?

దామెర్ల రామారావు గారి పేరు వచ్చింది కాబట్టి చెప్తున్నా. 1897లో పుట్టి 1925లో పోయారు, ఇరవై ఎనిమిది కూడా నిండలేదు. ఆయన బొమ్మలెయ్యడం ఒక్కటే పట్టుకున్నారు. ఇవాళ్టికీ రాజమండ్రిలో ఆయన పేరున్న గ్యాలరీకి వెళ్తే అంత చిన్న జీవితంలో చెయ్యి ఎంత దూరం వెళ్ళిందో కనిపిస్తుంది. ఒకసారి వెళ్ళి చూడమ్మా, పొద్దున్నే వెళ్ళు, తొందర పడకుండా చూడు.

అవధానం అంటే ఎనిమిది పనులు ఒకేసారి కదా అని మా దగ్గర పిల్లలు అడుగుతుంటారు. మా పక్కనే కడియంలో పుట్టిన చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి గారు, దివాకర్ల తిరుపతిశాస్త్రి గారితో కలిసి ఊరూరా అవధానాలు చేశారు. ఒకరు సమస్య అని పద్యంలో ఒక పాదం ఇచ్చి పూర్తి చెయ్యమంటారు, ఒకరు నిషిద్ధాక్షరి అని ఫలానా అక్షరం రాకూడదంటారు, ఒకరు దత్తపది అని తామిచ్చిన మాటలు పెట్టి పద్యం చెప్పమంటారు, పక్కన గంట కొడుతుంటే లెక్క పెట్టాలి, మధ్యలో ఇంకొకరు అక్కర్లేని ప్రశ్నలేసి మనసు చెదరగొడతారు. అదంతా నిలబడేది పద్యం మీదా, చెప్పింది గుర్తుంచుకునే ధారణ మీదా. పద్యం నోటికి శ్వాసలా వచ్చాకే మిగతా ఏడు వైపులకీ మనసు పంపగలిగారు. ఒకటి అంత గట్టిగా ఉంటే నువ్వు ఎన్నయినా చెయ్యి, నేను అడ్డు చెప్పను.

కాలవగట్టు_పిల్ల:

మాస్టారూ, అవునండి, అల్లికా బొమ్మా ఊహ తెలిసినప్పట్నించీ ఉన్నాయి. అమ్మమ్మ ఉంది, 78 ఏళ్ళు, కళ్ళు సరిగ్గా ఆనవు గానీ వేళ్ళు ఆగవు. ఆవిడతో చెప్పించాలని నాకు తట్టనే లేదు.

వీణ మేడమ్, కటువుగా ఏం లేదండి, మీరడిగిన ప్రశ్నకి రాత్రంతా ఆలోచించాను. వర్ణం దాటింది అంటే అల్లిక ఒక్కటేనేమో. ఏ డిజైన్ చూపించినా చూసి అల్లేస్తా, నా సొంతవి కూడా కొన్ని కట్టాను. కానీ దాన్ని ఎవరూ లెక్కలో వేసుకోరు, ఇంట్లో ఆడవాళ్ళు చేసే పని కదా అంటారు. బొమ్మలేస్తానంటే ఆర్టిస్టా అంటారు, అల్లుతానంటే కాలక్షేపమా అంటారు.

నర్సాపురం_అల్లిక:

ఈ ఆఖరి మాట చదివాక ఊరుకోబుద్ధి కాలేదండి. మాది నరసాపురం పక్కన పల్లె, మా అత్తగారి కాలం నుంచీ లేసు పనే, నేను ఇప్పుడు చుట్టుపక్కల ఆడవాళ్ళ చేత అల్లించి ఆర్డర్లు పంపిస్తుంటాను.

కాలక్షేపం అన్న మాట వల్లే మా వాళ్ళకి కూలి దక్కలేదమ్మా ఇన్నేళ్ళూ. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని ఇది, అక్కణ్ణించి విదేశాలకి వెళ్ళే సరుకైంది. ఏజెంటు దారం తూకం వేసి ఇస్తాడు, అల్లింది మళ్ళీ తూకం వేసి తీసుకుంటాడు, ఒకరు పువ్వులు అల్లితే అతుకు పని ఇంకొకరు చేస్తారు, అందుకని మొత్తం దుప్పటి ఎంతకి అమ్ముడైందో ఎవరికీ తెలీదు. మరియా మీస్ అని జర్మనీ ఆవిడ మా ఊళ్ళవైపు తిరిగి 1982లో నరసాపురం లేసు ఆడవాళ్ళ మీద పుస్తకమే రాసింది. ఆవిడ చెప్పింది ఇదే, వీళ్ళు పనివాళ్ళు కాదు, ఇంట్లో తీరిగ్గా కూర్చుని చేసుకునే ఇల్లాళ్ళు అని పేరు పెట్టేస్తే చాలు, రోజంతా పని చేయించుకుని చిల్లర చేతిలో పెట్టొచ్చు. మా అత్తగారు వంట, పశువులు, పిల్లలు అన్నీ అయ్యాక దీపం పెట్టుకుని అల్లేవారు, దాన్ని ఆవిడ కూడా తీరిక పని అనే అనేవారు.

ఇప్పుడు నీ విషయానికొస్తా. ఇష్టాలు చాలా ఉన్నవాళ్ళకి లోకం చేసే మోసం ఇదే, నీకు ఇష్టం కదా, సరదాకి చేస్తావు కదా, డబ్బులెందుకు అంటారు. నువ్వు ఎవరికైనా ఒక టేబుల్ క్లాత్ అల్లి ఇస్తే ఎన్ని గంటలు పట్టిందో రాసుకో, ఆ గంటకి నీ ఆఫీసు వాళ్ళు ఎంతిస్తారో పక్కన రాసుకో, అప్పుడు రేటు చెప్పు. ఇష్టం వేరు కూలి వేరు, రెండూ కలిపెయ్యకు. అలాగని అయిదింటినీ అమ్మకానికి పెట్టకు తల్లీ. మా అమ్మాయి ముగ్గులు చాలా బాగా వేసేది, అందరూ అడిగారని పెళ్ళిళ్ళకి డబ్బుకి వెయ్యడం మొదలెట్టింది, ఏడాది తిరిగేసరికి మా వాకిట్లో ముగ్గు పెట్టడం మానేసింది. ఏది అమ్మాలో ఏది అమ్మకూడదో నీకు నువ్వే ముందు గీత గీసుకో.

2024లో మా క్రోషా లేసుకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతం సరుకే అన్న గుర్తింపు, వచ్చింది, సంతోషమే. కానీ పాత డిజైన్లు చాలావరకు కాయితం మీద లేవు, పెద్దవాళ్ళ వేళ్ళల్లోనే ఉన్నాయి. మీ అమ్మమ్మ గారికి ఎన్ని వచ్చో అడిగావా ఎప్పుడైనా?

ప్రభల_కుర్రాడు:

అక్కా, మాది అంబాజీపేట వైపు. మీ పోస్టు చదువుతుంటే నా గురించే రాసినట్టుంది, ఆయ్.

నేను చేసేవి చెప్తాను వినండి. సంక్రాంతికి దేవుణ్ణి ఊరేగించడానికి వెదురుతో ఎత్తుగా ప్రభలు కడతాం మా కుర్రాళ్ళం, కనుమ నాడు జగ్గన్నతోటకి పదకొండు ఊళ్ళ రుద్రులు, అంటే శివుళ్ళు, ఆ ప్రభల మీదే వస్తారు కదా. ఆ పండగ అయ్యాక పెళ్ళిళ్ళ సీజన్, మండపాలకి డెకరేషన్ డిజైన్లు వేస్తాను. ఎండాకాలం జాతర్లకి సెట్టింగులూ బోర్డులూ. ఆషాఢంలో ముహూర్తాలుండవు, పని పడిపోతుంది, అప్పుడు కంప్యూటర్లో త్రీడీ నేర్చుకుంటా, పాటలకి ట్రాకులు కట్టుకుంటా. శ్రావణం రాగానే మళ్ళీ పెళ్ళిళ్ళు, వినాయక చవితి. నేను రోజుని అయిదు ముక్కలు చెయ్యను, ఏడాదిని ముక్కలు చేస్తా. రోజుకి గంట బొమ్మ, గంట పాట, గంట రాత అని టైమ్ టేబుల్ పెట్టుకుంటే నాకైతే ఏదీ వేడెక్కేది కాదు, ఇలా పెట్టుకుంటే ఒక నెలంతా ఒకే దాంట్లో మునిగిపోవచ్చు, మిగతావి ఎక్కడికీ పోవని ధైర్యం ఉంటుంది. మీకు ఉద్యోగం ఉంది కాబట్టి నెలలు కుదరకపోతే మూడేసి వారాలు పెట్టుకోండి.

వీణ మేడమ్ గారూ, మీరు చెప్పిన లోతు సంగతి నాకు నచ్చిందండి, కానీ ఒక్క మాట. ప్రభ కట్టాలంటే వెదురు వంచడం తెలియాలి, బరువు ఎటు పడుతుందో లెక్క తెలియాలి, రంగు గుడ్డలు కుట్టడం, దారాలు అల్లడం, బొమ్మ వెయ్యడం అన్నీ తెలియాలి. గంగలకుర్రు ప్రభని భుజాల మీద ఎత్తుకుని కౌశిక నదిలో దిగి నీళ్ళల్లోంచి అవతలికి తీసుకెళ్తారు, ఎక్కడ కట్టు వదులైనా మొత్తం ఒరిగిపోతుంది. ఆ పని ఒక్క విద్య వచ్చినోడి వల్ల అవ్వదండి, వడ్రంగానికి వడ్రంగి, కుట్టుకి దర్జీ ఉంటారు, కానీ అన్నీ కొంచెం కొంచెం తెలిసి అందరినీ కలిపేవాడు ఒకడు కావాలి. ఆ కలపడమే నా విద్య అనుకుంటున్నా నేను. దానికీ సరళీ వరసలున్నాయండి, చాలా ఏళ్ళు పెద్దోళ్ళ వెనక తాళ్ళు పట్టుకుని తిరిగితేనే వచ్చింది.

మా నాన్నకి కొబ్బరి తోట. మొక్క నాటాక కాపు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది, అప్పటిదాకా మధ్యలో అరటి, కంద, పసుపు వేస్తాడు, చెట్లు ఎదిగి నీడొచ్చాక కోకో. అరటి డబ్బులతో ఇల్లు గడుస్తుంది, కొబ్బరి దాని మానాన అది పెరుగుతుంది. మా ఇంట్లో నేను చేసేది అర్థమయ్యేలా చెప్పడానికి ఇదే వాడాను, మా నాన్న వెంటనే ఏది కొబ్బరి ఏది అరటి అని అడిగాడు, ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు ఉండటంతో ఇంక గొడవ పెట్టుకోలేదు. మీ నాన్నగారు కూడా అదే అడుగుతారు చూడండి.

కాకినాడ_కోడర్:

నాది కూడా సాఫ్ట్‌వేరే కాబట్టి ఉద్యోగం వైపు నుంచి చెప్తాను. మీరు చెప్పిన వాప్నిక్కే తర్వాత ఇలాంటివాళ్ళు బతికే దారులు నాలుగు రకాలు అని విడదీసింది. ఒకే పనిలో అన్నీ కలిసిపోయేలా చూసుకునేవాళ్ళు ఒకరకం, ప్రభల తమ్ముడు అదే. రెండు మూడు చిన్న చిన్న పనులు పక్కపక్కనే చేసేవాళ్ళు ఇంకో రకం. కొన్నేళ్ళు ఒకటి చేసి పూర్తిగా ఇంకోదాంట్లోకి మారిపోయేవాళ్ళు మరో రకం, మాస్టారు చెప్పిన బాపిరాజు గారి ఉద్యోగాలు అలాగే అనిపిస్తాయి. నాలుగోదానికి ఐన్‌స్టీన్ పేరు పెట్టింది. ఆయన 1902 నుంచి 1909 దాకా స్విట్జర్లాండులో బెర్న్ పేటెంట్ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం చేశాడు, 1905లో ఫిజిక్స్‌ని మార్చేసిన పేపర్లు ఆ ఉద్యోగంలో ఉండగానే రాశాడు. అంటే ఇల్లు గడిచేంత జీతం, బుర్రని మొత్తం పీల్చెయ్యని పని, మిగిలిన టైమ్ మనది. మన దగ్గర కూడా ఏలూరులో పుట్టిన బుచ్చిబాబు గారు రేడియోలో ఉద్యోగం చేస్తూ కథలు, నవలా రాశారు, బొమ్మలూ వేశారు. ఆయన భార్య శివరాజు సుబ్బలక్ష్మి గారు కూడా రాశారు, బొమ్మలు వేశారు, ఆడపిల్లకి కుదురుతుందా అనే సందేహం ఉంటే ఆవిడనే తలుచుకోండి.

మీకు ప్రస్తుతానికి నాలుగోదే సరిపోతుందని నా అభిప్రాయం. ఉద్యోగం మాత్రం వదలొద్దు. ఆ ఆటోమేషన్ సర్టిఫికేషన్‌ని శత్రువులా చూడకండి, ఒక్కసారి గట్టిగా కూర్చుని అవగొట్టెయ్యండి, ఎందుకంటే అన్నీ చేత్తో చేసుకునే మాన్యువల్ టెస్టింగ్‌లో రిలీజ్ ముందర రాత్రిళ్ళు కూర్చోవాల్సి వస్తుంది, టెస్టులు వాటంతటవే నడిచేలా స్క్రిప్టులు రాయడం వస్తే ఆ రాత్రులు చాలావరకు మీకు మిగులుతాయి. అది కెరీర్ కోసం అనుకోకండి, సాయంత్రాలు కొనుక్కోవడం అనుకోండి. రెండోది, అల్లిక ఆర్డర్లు తీసుకునే ముందు మీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చదవండి, బయట సంపాదన ఉండకూడదని కొన్ని కంపెనీలు రాస్తాయి, అలా ఉంటే ముందే హెచ్‌ఆర్‌ని మెయిల్‌లో అడిగి రాతపూర్వకంగా తెప్పించుకోండి, ఫోన్‌లో చెప్పారు కదా అని ఊరుకోవద్దు. మూడోది, ఆఫీసు లాప్‌టాప్‌లో మీ వీడియోలు ఎడిట్ చెయ్యొద్దు.

భీమారం_డ్రాయింగ్_మాస్టారు:

ప్రభల అబ్బాయి చెప్పినదాన్ని పట్టుకుని ఒక మాట. అమ్మాయ్, నీకు అల్లిక వచ్చు, బొమ్మ వచ్చు, రాత వచ్చు, వీడియో వచ్చు. పాత లేసు డిజైన్లు పెద్దవాళ్ళ చేతుల్లోనే ఉండిపోయాయని నర్సాపురం ఆవిడ చెప్తోంది. ఈ నాలుగూ వచ్చినవాళ్ళు మన చుట్టుపక్కల ఇంకెవరున్నారు? ఒక్కో డిజైన్‌కీ బొమ్మ గీసి, అల్లే తీరు వీడియో తీసి, ఆ అల్లినావిడ కథ రాస్తే ఎలా ఉంటుందో ఆలోచించు. లేసుకి బొమ్మ గీసేటప్పుడు ముందు మధ్య పువ్వు నుంచి బయటికి వలయాలు గీసుకో, అప్పుడు ఎన్ని రేకులో ఎన్ని గొలుసులో లెక్క తప్పదు. గ్రాఫ్ కాయితం వాడు, వాటర్ కలర్ తర్వాత.

కాలవగట్టు_పిల్ల:

అందరికీ చేతులెత్తి దణ్ణం పెడుతున్నానండి. మాస్టారి పోస్టు చదివి అమ్మమ్మ దగ్గర కూర్చున్నాను, నీకు ఎన్ని పువ్వులు వచ్చు అని అడిగితే వేళ్ళు మడుస్తూ చెప్తూనే ఉంది, సగం పేర్లు నేనెప్పుడూ వినలేదు, కొన్నిటికి పేర్లే లేవు, ఫలానా వాళ్ళ కోడలు తెచ్చిన పువ్వు అంటుంది అంతే. నాన్న పక్కనే పేపరు చదువుకుంటూ అంతా విన్నారు. అమ్మమ్మ ఆయనతో, ఇది నా దగ్గర నేర్చుకున్నదాన్ని పనికిమాలిన పని అంటే నన్నన్నట్టే అని ఒకే ఒక్క మాట అంది. నాన్న ఏం మాట్లాడలేదు గానీ సాయంత్రం బజారుకెళ్ళి వస్తూ గ్రాఫ్ పుస్తకం తెచ్చారు, నేను అడక్కుండానే.

ఇప్పటికి నేననుకున్నది ఇదీ. ముందు సర్టిఫికేషన్ అవగొట్టేస్తాను, దానికి దాళ్వా, అదే రెండో పంట వరి, కోతల దాకా గడువు పెట్టుకున్నా. ఈలోపు సాయంత్రాలు దానివే, రాత్రి అల్లిక మాత్రం ఆపను. ఆ తర్వాత అమ్మమ్మ పువ్వులతో మొదలుపెట్టి మాస్టారు చెప్పిన పని, బొమ్మా వీడియో రాతా దానికే వాడతాను. విడిగా కథలు రాయడం కొన్నాళ్ళు పక్కన పెడుతున్నా, అది కష్టంగానే ఉంది, కానీ వదిలెయ్యట్లేదు కాబట్టి పర్లేదు. అమ్మకానికి పెట్టనివి బొమ్మలు, అది గట్టిగా అనుకున్నాను, బొమ్మలు నాకోసమే. నాన్న అడిగితే చెప్పడానికి అల్లిక కొబ్బరి, ఉద్యోగం అరటి.

వీణ మేడమ్, సంగీతం మాత్రం ఈ లెక్కలో ఎక్కడా ఇమడట్లేదు, అయినా కావాలి. మీరు ఆన్‌లైన్లో చెప్తారా? లేకపోతే వదిలెయ్యమన్నా మీ మాట వింటాను.

వీణ_రాజమండ్రి:

వదిలెయ్యమని ఎందుకంటానమ్మా. ఒకదాన్ని గట్టిగా పట్టుకుంటానన్నావు, అది ఏదని కూడా చెప్పావు, నాకు కావలసింది అంతే. ఇంక సంగీతం నీకు ఇష్టమైనంత నెమ్మదిగా నేర్చుకోవచ్చు, కచేరీ చెయ్యాలన్న తొందర లేనివాళ్ళకి చెప్పడం నాకూ హాయి. ఆదివారం పొద్దున్న ఆన్‌లైన్లో పెద్దవాళ్ళ క్లాసు ఉంది, అందులో చేరు. ఈలోపు ఫోన్‌లో తంబూరా యాప్ పెట్టుకుని నీకు అయిదు శ్రుతి హాయిగా ఉందో అయిదున్నరో చూసుకో, పైస్థాయి షడ్జం, అంటే పై స, దగ్గర గొంతు బిగుసుకోకూడదు. మాయామాళవగౌళ రాగంలో సరళీ వరసలు మళ్ళీ మొదట్నించీ మూడు కాలాల్లోనూ పాడుకో, గీతాల జోలికి ఇప్పుడే వెళ్ళకు.

నర్సాపురం_అల్లిక:

అమ్మమ్మ గారివి అయ్యాక మా ఊరు రా తల్లీ, ఇక్కడ ఇంకా పెద్దవాళ్ళు ఉన్నారు. మధ్యాహ్నం రెండు దాటాక రా, వంటలయిపోయి అరుగుల మీద కూర్చుంటారు. కెమెరా తీసేముందు ఒక్కొక్కరినీ అడుగు, కొందరికి మొహం కనపడటం ఇష్టం ఉండదు, చేతులైతే తియ్యనిస్తారు. ఒక పువ్వు మొదట్నించీ అల్లి చూపించమంటే పూట పడుతుంది, ఆ పూట వాళ్ళ కూలి పోతుంది, దానికి ఎంతిస్తావో ముందే మాట్లాడుకుందాం. వీడియో మీద వాళ్ళ పేరు వెయ్యాలి, అది కూడా ముందే చెప్తున్నా.